తక్కువ బడ్జెట్‌లో అసెంబుల్డ్ డెస్క్‌టాప్: ఏ భాగాన్ని ఎలా ఎంచుకోవాలి

విడిభాగాలు కొని సొంతంగా డెస్క్‌టాప్ కూర్చుకోవాలనుకునేవారిలో చాలామంది ప్రాసెసర్ పేరుతోనే ఆలోచన మొదలుపెట్టి, మిగిలిన సొమ్మును మిగిలిన భాగాలకు సర్దుతారు. బడ్జెట్ ధారాళంగా ఉన్నప్పుడు ఈ పద్ధతి వల్ల పెద్ద నష్టం ఉండదు గాని, తక్కువగా ఉన్నప్పుడు చివరికి వచ్చేసరికి ఎస్ఎంపీఎస్‌కూ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) మదర్‌బోర్డుకూ (భాగాలన్నీ తగిలించే పలక) చిల్లర మాత్రమే మిగులుతుంది. నాకోసమూ తెలిసినవారి కోసమూ కొన్ని కంప్యూటర్లు కూర్చిన మీదట నేను అలవాటు చేసుకున్న పద్ధతి దీనికి తలకిందులు. ప్రతి భాగం విషయంలోనూ ముందుగా ఒకే ప్రశ్న వేసుకుంటాను: దీన్ని రెండేళ్ల తరువాత మార్చాలంటే ఎంత పని పడుతుంది?

బోర్డు మీద ఖాళీ స్లాట్ ఉంటే ర్యామ్ వేయడానికి రెండు నిమిషాలు చాలు. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ సంగతీ అంతే. గ్రాఫిక్స్ కార్డు మార్చడమంటే ఒకటి రెండు స్క్రూలు, ఒక కేబుల్. ఎస్ఎంపీఎస్ మార్చాలంటే మాత్రం క్యాబినెట్‌లో సర్దిన తీగలన్నీ ఊడదీయాలి. మదర్‌బోర్డు మార్చాలంటే ప్రాసెసర్‌తో సహా ఒక్కొక్కటీ బయటికి తీయాలి, చాలాసార్లు ర్యామ్‌ను కూడా కొత్తగా కొనవలసి వస్తుంది. తేలికగా మారేవాటి దగ్గర ఈ రోజుకు సర్దుకోవచ్చు, మారనివాటి దగ్గర సర్దుకోకూడదు. కింద చెప్పే సలహాలలో ఎక్కువ భాగం ఈ లెక్క నుంచి వచ్చినవే.

ముందు పని, తరువాత మానిటర్

పత్రాలు, బ్రౌజర్, ఆన్‌లైన్ తరగతులు, చిన్న చిన్న లెక్కల పట్టికలు మాత్రమే అవసరమైనవారికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న రకాన్ని తీసుకుని, ఆ మిగులును ర్యామ్ మీదా ఎస్ఎస్‌డీ మీదా పెట్టడం మేలు. ప్రోగ్రామింగ్ చేసేవారికి కోర్లూ (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే యూనిట్లు) ర్యామూ ముఖ్యం. ఆటలు ఆడేవారికి గ్రాఫిక్స్ కార్డే అన్నిటికంటె ముఖ్యం కనుక మానిటర్‌ను మినహాయించి మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు నుంచి 40 శాతానికి కాస్త పైదాకా దానికే వెళ్లవచ్చు. వీడియో ఎడిటింగ్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది, దాని సంగతి గ్రాఫిక్స్ దగ్గర చెబుతాను.

ఆటల విషయంలో మానిటర్‌ను చివర్లో ఆలోచించడం పొరపాటు. 1920×1080 తెర మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 2560×1440 తెర మీద దాదాపు 36.9 లక్షలు, 4కే తెర మీద దాదాపు 83 లక్షలు. అంటే 1440 తెర కొన్ననాడు అదే ఆటను అదే నాణ్యతతో ఆడటానికి కార్డు ప్రతి ఫ్రేములోనూ ముప్పావు వంతుకు పైగా అదనపు పిక్సెళ్లను గీయాలి. తక్కువ బడ్జెట్‌కు 1080 తెరే సరైన జోడీ. మానిటర్, కీబోర్డు, మౌస్, ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు కూడా కొనవలసినవే అయితే వాటిని మొదటే మొత్తంలోంచి తీసివేసి, మిగిలినదాన్ని మాత్రమే బడ్జెట్‌గా భావించాలి.

ప్రాసెసర్: పేరు చివరి అక్షరం దగ్గర ఆగి చదవండి

ప్రాసెసర్‌ను ఎంచుకోవడమంటే నిజానికి ఒక సాకెట్‌ను, అంటే బోర్డు మీద అది కూర్చునే గూడును, ఎంచుకోవడం. ఏఎండీ వైపు ఏఎం4, ఏఎం5 అనే రెండు సాకెట్లున్నాయి. రైజెన్ ప్రాసెసర్లతో 2017లో జనంలోకి వచ్చిన ఏఎం4 పాత తరపు డీడీఆర్4 ర్యామ్‌తో పనిచేస్తుంది; 2022లో వచ్చిన ఏఎం5 కొత్త తరపు డీడీఆర్5 మాత్రమే స్వీకరిస్తుంది. ఇంటెల్ వైపు ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14వ తరాల ప్రాసెసర్లకు సరిపోతుంది. అందులో బోర్డును బట్టి డీడీఆర్4 ఉంటుంది, లేదా డీడీఆర్5 ఉంటుంది. 2024 చివర్లో కోర్ అల్ట్రా 200 వరుసతో వచ్చిన ఎల్‌జీఏ 1851 డీడీఆర్5కే పరిమితం.

ఏఎం4, ఎల్‌జీఏ 1700 సాకెట్లకు ఇక కొత్త తరాలు రావని తెలిసే కొనాలి. అయినా వాటిని తోసిపుచ్చనక్కర్లేదు. ఇప్పుడు కొన్న యంత్రాన్ని ఐదారేళ్లు అలాగే వాడి, ఆ తరువాత మొత్తంగా మార్చే అలవాటున్నవారికి సాకెట్ భవిష్యత్తుతో పని లేదు. పాత సాకెట్ బోర్డులూ డీడీఆర్4 ర్యామూ చవకగా దొరికితే ఆ మిగులు గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది. రెండు మూడేళ్లకు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామనుకునేవారికి మాత్రం ఏఎం5 నయం. ఆ సాకెట్‌ను 2027 వరకూ, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ స్వయంగా ప్రకటించింది. ర్యామ్ ధరలు ఏడాదికొక తీరుగా ఎగుడుదిగుడవుతాయి కాబట్టి, కొనే వారంలో రెండు రకాల ర్యామ్‌కూ బోర్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద వేసి పోల్చాలి. ప్రాసెసర్ ధరను విడిగా పోల్చడం వల్ల ఏమీ తేలదు.

ఇక ఆ చివరి అక్షరాలు. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదని అర్థం. విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద ఏమీ రాదు. కె ఉంటే ఓవర్‌క్లాక్ చేయగల, అంటే రాసిన వేగానికి మించి నడపగల రకం. దానితో పాటు కూలర్ రాదు, ఓవర్‌క్లాక్ చేయాలంటే ఖరీదైన బోర్డు కావాలి, కాబట్టి తక్కువ బడ్జెట్‌లో దాని జోలికి వెళ్లనక్కర్లేదు. ఏఎండీ వైపు జి ఉన్నవాటిలో చెప్పుకోదగ్గ గ్రాఫిక్స్ ఉంటుంది. ఏఎం5 ప్రాసెసర్లలో ఎఫ్ లేనివాటిలో దాదాపు అన్నిటిలోనూ తెర చూపడానికి సరిపడేంత చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. ఏఎం4లో మాత్రం జి లేకపోతే అసలే లేదు, అందుకు గుర్తుగా సాధారణంగా ఎఫ్ కూడా రాయరు. ఈ ఒక్క తేడా తెలియక నేను మొదటిసారి కూర్చిన కంప్యూటర్ ముందు ఒక సాయంత్రమంతా కూర్చుని, ర్యామ్ ఊడదీసి పెట్టడం, మళ్లీ ఊడదీయడం చేశాను. యంత్రంలో లోపమేమీ లేదు. అందులో తెరకు బొమ్మ పంపే భాగమే లేదు.

పేరులో దాదాపు ఒకేలా కనిపించి లోపల వేరుగా ఉండేవాటి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. రైజెన్ 5 5600, 5600జి, 5500 మూడూ ఆరు కోర్లూ పన్నెండు థ్రెడ్‌లూ (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నవే. అయితే 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోని వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకూ ఎస్ఎస్‌డీకీ డేటా వెళ్లే దారి) 4.0 ఉంటాయి, తక్కిన రెండింటిలో క్యాష్ 16 ఎంబీ, పీసీఐఈ 3.0. గ్రాఫిక్స్ కార్డు కొనడం ఖాయమైతే 5600జి తీసుకోవడం అనవసరం, ఎందుకంటే దానిలోని గ్రాఫిక్స్ మూలన పడి ఉంటుంది, సగమైన క్యాష్ మాత్రం ఆటల్లో వెనక్కు లాగుతూ ఉంటుంది. కార్డును ఏడాది తరువాత కొందామనుకునేవారికి మాత్రం అదే సరైన ఎంపిక.

ఇంటెల్‌లో కోర్ ఐ3-12100ఎఫ్ నాలుగు కోర్లు ఎనిమిది థ్రెడ్‌లతోనూ, ఐ5-12400ఎఫ్ ఆరు కోర్లు పన్నెండు థ్రెడ్‌లతోనూ వస్తాయి. కేవలం ఆటలకే అయినా ఈ రోజు ఆరు కోర్ల కంటె తక్కువకు దిగమని నేను చెప్పను. మరీ ఇరుకైన బడ్జెట్ ఉన్నప్పుడు నాలుగు కోర్ల 12100ఎఫ్ ఒక్కటే దానికి మినహాయింపు. ఎనిమిది కోర్లు తక్కువ బడ్జెట్‌లో అవసరమయ్యేది వీడియో, త్రీడీ రెండరింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేసేవారికే.

మదర్‌బోర్డు

బోర్డు వల్ల కంప్యూటర్ వేగం పెరగదు. అందుకే కొందరు అందుబాటులో ఉన్న అతి చవక బోర్డు తీసుకుంటారు, మరికొందరు రంగుల దీపాలు చూసి అతి ఖరీదైనది తీసుకుంటారు. బోర్డులో చూడవలసినది ప్రాసెసర్‌కు కరెంటును సరఫరా చేసే వీఆర్ఎం భాగం మీద హీట్ సింక్ (వేడిని తీసే లోహపు దిమ్మ) ఉందా లేదా అన్నది, ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు ఎన్ని, వెనుక పోర్టులు ఎన్ని, ఫ్యాన్ తగిలించే చోట్లు ఎన్ని అన్నవి. 65 వాట్ల ప్రాసెసర్‌కు పెద్ద వీఆర్ఎం అక్కర్లేదు. రేపు ఎనిమిది కోర్లకు మారాలనుకుంటే మాత్రం హీట్ సింక్ లేని బోర్డు కొనకండి.

చిప్‌సెట్ (బోర్డులోని నియంత్రణ చిప్) పేరును చూస్తే బోర్డు హద్దులు చాలావరకు తెలుస్తాయి. ఏఎం4లో ఏ520 పీసీఐఈ 3.0 దగ్గర ఆగిపోతుంది, బి550 తగిన ప్రాసెసర్ ఉంటే గ్రాఫిక్స్ కార్డుకూ మొదటి ఎస్ఎస్‌డీకీ 4.0 ఇస్తుంది. ఎల్‌జీఏ 1700లో హెచ్610 బోర్డులకు సాధారణంగా రెండే ర్యామ్ స్లాట్లుంటాయి, మెమరీ ఓవర్‌క్లాక్ ఉండదు. బి660, బి760లలో ఈ ఇబ్బందులు చాలావరకు లేవు. ఏఎం5లో ఏ620 సాదా వాడకానికి చాలు, బి650 కాస్త విశాలమైనది. సైజు విషయానికి వస్తే 244×244 మిల్లీమీటర్ల మైక్రో ఏటీఎక్స్ బోర్డే ఎక్కువమందికి తగినది. చిన్నగా ముచ్చటగా కనిపించే 170 మిల్లీమీటర్ల మినీ ఐటీఎక్స్ బోర్డుకూ దానికి సరిపోయే క్యాబినెట్‌కూ అదే సామర్థ్యానికి ఎక్కువ ఖర్చవుతుంది.

అట్టపెట్టె మీద కనిపించని విషయం బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) వెర్షన్. బి450 బోర్డులో రైజెన్ 5000 ప్రాసెసర్ గాని, బి660 బోర్డులో 13 లేదా 14వ తరం ఇంటెల్ గాని పెట్టాలంటే బోర్డులో కొత్త బయోస్ ఉండాలి, లేకపోతే యంత్రం ఆన్ అయినట్టే ఉండి ముందుకు కదలదు. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ బోర్డు పేజీకి వెళ్లి, మీ ప్రాసెసర్ ఏ బయోస్ నుంచి పనిచేస్తుందో చూసి, అమ్మేవారిని అడిగి నిర్ధారించుకోవాలి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చే బటన్ ఉన్న బోర్డు దొరికితే కాస్త ఎక్కువైనా దానికే నా ఓటు.

ర్యామ్, ఎస్ఎస్‌డీ

ఈ రోజు 16 జీబీ కనీసం అనుకోవాలి. 8 జీబీతో మొదలుపెట్టి తరువాత పెంచుకుందామని చాలామంది అనుకుంటారు. తేలికగా మారే భాగం అని నేనే చెప్పాను కనుక అది న్యాయమైన ఆలోచనలాగే కనిపిస్తుంది. కాని ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే ఒక్క చానెల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా దారి) మాత్రమే పనిచేస్తుంది. డీడీఆర్4 3200 ఒక్క చానెల్‌కు సెకనుకు 25.6 జీబీ ఇస్తే, రెండు చానెళ్లకు 51.2 జీబీ ఇస్తుంది. విడి కార్డు ఉన్నప్పుడు ఈ తేడా కొన్ని ఆటల్లోనే కనిపిస్తుంది గాని, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద ఆధారపడినప్పుడు అది కొట్టవచ్చినట్టు తెలుస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అది ర్యామ్‌నే వాడుకుంటుంది. అందువల్ల ఒకే ప్యాకెట్‌లో వచ్చే రెండు 8 జీబీ స్టిక్‌లు మంచివి. రెండే స్లాట్లున్న బోర్డులో తరువాత 32కు పెంచాలనుకుంటే ఆ రెండూ పక్కన పెట్టవలసి వస్తుందని ముందే గుర్తుంచుకోండి. నాలుగు స్లాట్లున్నా డీడీఆర్5తో నాలుగూ నింపితే వేగం తగ్గించుకోవలసి రావచ్చు.

పెట్టె మీది వేగం ఒక్కటే చూడకూడదు, దాని పక్కన ఉండే సీఎల్ సంఖ్యనూ కలిపి చూడాలి. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4 3200 సీఎల్16కు 10 నానోసెకన్లు, డీడీఆర్5 6000 సీఎల్30కి కూడా 10, అదే 6000 సీఎల్36కు 12. కొన్న తరువాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను రాసిన వేగానికి నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే చాలా కిట్‌లు పెట్టె మీద రాసిన వేగానికి కాక తక్కువ వేగానికే నడుస్తాయి. ఏళ్ల తరబడి అలాగే వాడుతున్నవారిని చూశాను. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్‌లనూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టడం మామూలు. ఒకసారి బోర్డు మాన్యువల్ చూడండి.

ఎస్ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. హార్డ్ డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా తేడా తెలుస్తుంది. పాత పద్ధతి సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ, పీసీఐఈ 3.0 దారి వాడే ఎన్‌వీఎంఈ రకం సుమారు 3500 ఎంబీ, 4.0 సుమారు 7000 ఎంబీ దాకా చదవగలవు. కాని రోజువారీ వాడకంలో, ఆటలు తెరుచుకోవడంలో చివరి రెండింటి మధ్య తేడా గమనించడమే కష్టం. ఆ మిగులుతో 500 జీబీకి బదులు 1 టీబీ తీసుకోండి. ఒక్కో గడిలో నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకానికంటె మూడే దాచే టీఎల్‌సీ రకం మేలు. ఎం.2 ఆకారంలో ఉన్న ప్రతి ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ కాదు, కొన్ని ఆ ఆకారంలోని సాటావే. కొన్ని బోర్డులలో రెండో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయన్నది కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. పాత ఫొటోలూ వీడియోలూ దాచడానికి హార్డ్ డిస్క్‌ను తరువాత తగిలించుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు

1080 తెరకు 8 జీబీ మెమరీ ఉన్న కార్డు ఈ రోజు కనీస స్థాయి. కొత్త ఆటల్లో కొన్ని అధిక నాణ్యత దగ్గర ఆ 8ని దాటిపోతున్నాయి కాబట్టి 10, 12 జీబీ కార్డు బడ్జెట్‌లో ఇమిడితే దాన్నే చూడాలి. రేడియాన్ ఆర్ఎక్స్ 6600 (8 జీబీ, 132 వాట్లు), జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం (170 వాట్లు), ఆర్‌టీఎక్స్ 4060 (8 జీబీ, 115 వాట్లు), ఇంటెల్ ఆర్క్ బి580 (12 జీబీ, 190 వాట్లు) ఈ తరగతిలో పోల్చి చూడదగినవి. ఆర్క్ కార్డు కొనేముందు మీ బోర్డు, ప్రాసెసర్‌లలో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీనంతా ప్రాసెసర్ ఒకేసారి అందుకునే) సౌకర్యం ఉందో లేదో తప్పక చూడాలి; అది లేకపోతే ఆ కార్డు సత్తా చాలా పడిపోతుంది, అందువల్ల పాత ప్లాట్‌ఫామ్‌లకు అది తగదు.

కార్డుకూ ప్రాసెసర్‌కూ పొంతన లేకపోతే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకు 4 జీబీ మెమరీ, నాలుగే పీసీఐఈ లేన్లు ఉన్నాయి. పీసీఐఈ 4.0 మీద ఆ నాలుగు లేన్లు సెకనుకు దాదాపు 8 జీబీ తరలిస్తాయి, 3.0 మీద అందులో సగమే. మెమరీ చిన్నది కనుక ఆట మాటిమాటికీ ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వస్తుంది, సరిగ్గా ఆ దారే ఇరుకు. దీన్ని పైన చెప్పిన రైజెన్ 5 5500తో జత చేస్తే, విడివిడిగా చవకగా కనిపించిన రెండు భాగాలు కలిసి ఒకదాన్నొకటి కట్టిపడేస్తాయి. పైగా ఆ కార్డులో వీడియోను ఎన్‌కోడ్ చేసే భాగం కూడా లేదు. చవక సరుకు అన్నివేళలా పొదుపు కాదనడానికి దీనికంటె మంచి నిదర్శనం నాకు కనబడలేదు.

వీడియో ఎడిటింగ్ చేసేవారు తాము వాడే సాఫ్ట్‌వేర్ దేనితో బాగా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి. చాలా త్రీడీ, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు జీఫోర్స్ కార్డులు చేసే ఎన్‌విడియా వారి కూడా (CUDA) అనే లెక్కింపు వేదికతో చుట్టరికం ఎక్కువ. ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే వీడియో భాగం ఉంటుంది, కాబట్టి ఈ పనికి ఐ5-12400ఎఫ్‌కు బదులు ఎఫ్ లేని 12400 తీసుకోవడంలో అర్థముంది.

ఎస్ఎంపీఎస్

అన్నిటికంటె ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ, పాడైతే తక్కిన భాగాలను వెంట తీసుకుపోగలిగేదీ ఇదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదాన్ని నేనూ ఒకసారి వాడాను. దాని మీద 500 వాట్లని రాసి ఉంది. గ్రాఫిక్స్ కార్డు పెట్టిన కొద్ది వారాలకు ఆట మధ్యలో యంత్రం ఆరిపోవడం మొదలై, ఒకనాడు మళ్లీ వెలగలేదు. దానితో పాటు బోర్డూ పోయింది. తరువాత ఆ లేబుల్‌ను నిదానంగా చదివితే 12 వోల్టుల వరుసలో 25 ఆంపియర్లని కనిపించింది. 12ను 25తో గుణిస్తే 300 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి కాబట్టి అది పేరుకు 500, పనికి 300. మంచి 500 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఆ వరుస దాదాపు 40 ఆంపియర్ల దాకా ఉంటుంది.

ఎన్ని వాట్లు కావాలో లెక్క కట్టడం కష్టం కాదు. 65 వాట్లని రాసి ఉన్న రైజెన్ 5 5600 పూర్తి పనిలో అంతకంటె కాస్త ఎక్కువే తీసుకోగలదు, 88 వాట్లు వేసుకోండి. ఐ5-12400ఎఫ్ 117 వాట్ల దాకా. ఆర్ఎక్స్ 6600కు 132. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లన్నిటికీ 60 వాట్లు వేసుకోండి. రైజెన్‌తో మొత్తం 280, ఇంటెల్‌తో 310 దరిదాపుల్లో తేలుతుంది. అయినా 500 నుంచి 550 వాట్లది తీసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డులు సెకనులో వెయ్యోవంతు కాలానికి తమ సగటును మించి లాగుతాయి. ఎస్ఎంపీఎస్ సగం బరువు (లోడు) దగ్గర బాగా పనిచేస్తుంది, ఫ్యాన్ చప్పుడు తక్కువగా ఉంటుంది. రేపు కార్డు మార్చినప్పుడు దీన్ని ముట్టుకోనక్కర్లేదు.

80 ప్లస్ ముద్ర గురించి ఒక అపోహ ఉంది. ఆ ముద్ర చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం లోపలి భాగాలకు చేరుతుందన్నది మాత్రమే. 115 వోల్టుల పరీక్షలో సగం బరువు దగ్గర బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం ఉండాలి. లోపలి కెపాసిటర్ల నాణ్యత గురించి గాని, అధిక కరెంటు, అధిక వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ నుంచి రక్షణల గురించి గాని అది ఏమీ చెప్పదు. అందుచేత బ్రాంజ్ ముద్ర ఉండి, లోపలి భాగాలను విప్పి పరీక్షించిన సమీక్షలు దొరికి, ఐదేళ్ల వారంటీ ఉన్న నమూనా నాకు గుర్తు తెలియని గోల్డ్ కంటె నమ్మకమైనది.

కేబుళ్ల విషయంలో రెండు హెచ్చరికలు. గ్రాఫిక్స్ కార్డు ఎనిమిది పిన్నుల కనెక్టర్ 150 వాట్ల కోసం ఉద్దేశించినది. సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్లు మాత్రమే మోయగలదు. సాటా నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే అడాప్టర్ తీగ కొనడమంటే కాలిపోయే తీగ కొనడమే. తీగలు ఊడదీయగలిగే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ తీసుకున్నప్పుడు, ఒక దాని తీగలను మరొక దానికి తగిలించకూడదు. కనెక్టర్ సరిపోయినా లోపలి పిన్నుల వరుస వేరుగా ఉండి డిస్కులూ బోర్డులూ ఒక్కసారిగా పోయిన సందర్భాలున్నాయి.

క్యాబినెట్, కూలర్

ముందు పలక జాలీగా ఉండి, గాలి ధారాళంగా లోపలికి రాగలిగే క్యాబినెట్ తీసుకుంటే చాలు. ముందంతా అద్దం బిగించినవి చూడటానికి బాగుంటాయి గాని లోపల వేడి నిలిచిపోతుంది. ముందు ఒకటి రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనుక ఒకటి బయటికి పంపాలి. కొనేముందు మూడు కొలతలు చూడాలి: బోర్డు సైజు, గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు. 65 వాట్ల ప్రాసెసర్లకు పెట్టెలో వచ్చే కూలర్ సరిపోతుంది. చప్పుడు భరించలేకపోతే తరువాత నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్ పెట్టుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ భాగాలు

తక్కువ బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ సరుకును పక్కన పెట్టలేం, కాని అన్ని భాగాలూ ఒకేలా పాతబడవు. ప్రాసెసర్ అరుదుగా పాడవుతుంది. ఏఎం4 ప్రాసెసర్ అయితే అడుగున పిన్నులు వంగాయేమో చూస్తే చాలు. ఏఎం5, ఇంటెల్ సాకెట్లలో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి కాబట్టి అక్కడ బోర్డు సాకెట్‌ను టార్చి వేసి చూడాలి. ర్యామ్, క్యాబినెట్ కూడా పాతవి తీసుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డును ఆట గాని బరువైన పరీక్ష గాని అరగంట నడిపించి చూడకుండా కొనకూడదు. ఎస్ఎస్‌డీ కొనాలంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ప్రోగ్రామ్‌లో అప్పటికి ఎంత రాశారో, ఎంత ఆయుష్షు మిగిలిందో చూడాలి. ఎస్ఎంపీఎస్ మాత్రం ఎంత చవకగా వచ్చినా పాతది వద్దు.

పాత ఆఫీసు కంప్యూటర్‌ను కొని అందులో గ్రాఫిక్స్ కార్డు పెట్టడం చాలామంది అనుసరించే దారి. వాటిలో చాలావాటి బోర్డు, ఎస్ఎంపీఎస్ ఆకారాలు ఆ కంపెనీకే ప్రత్యేకం కనుక వేరేవి పట్టవు. అలాంటివాటికి విడి పవర్ కేబుల్ అక్కర్లేని, 70 వాట్లకు మించని ఆర్‌టీఎక్స్ 3050లోని 6 జీబీ రకం వంటి కార్డు సరిపోతుంది; క్యాబినెట్ సన్నదైతే పొట్టి కార్డే కావాలి. అటువంటి యంత్రాల నుంచి తీసిన కొన్ని రైజెన్ ప్రో ప్రాసెసర్లు ఆ కంపెనీ బోర్డుకే తాళం వేసినట్టు ముడిపడి ఉంటాయి, వేరే బోర్డులో పనిచేయవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, విండోస్ వాడేవారు విండోస్ 11కు అర్హత ఉన్న ప్రాసెసర్ చూసుకోవాలి: ఇంటెల్‌లో ఇంచుమించు 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుసలో చాలావరకు, ఆపైవి, వాటితో పాటు బయోస్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం ఉండాలి. లినక్స్ వాడేవారికి ఈ బెంగ లేదు.

ఆర్డర్ పెట్టేముందు, తెచ్చిన తరువాత

భాగాల జాబితా పూర్తయ్యాక పీసీ పార్ట్ పికర్ వంటి సైట్‌లో వాటిని ఎక్కిస్తే సాకెట్, సైజు, వాట్ల పొంతనలో ఉన్న తప్పులు చాలావరకు బయటపడతాయి. బయోస్ వెర్షన్‌ను మాత్రం స్వయంగా చూసుకోవాలి. ధర తగ్గిందని ఈ నెల ఒకటి, వచ్చే నెల ఒకటి కొనకండి; మొత్తం కూర్చేసరికి మొదట కొన్నదాన్ని తిరిగి ఇచ్చే గడువు దాటిపోయి, అది పనిచేయదన్న సంగతి అప్పుడు తెలుస్తుంది.

క్యాబినెట్‌లో బిగించడానికి ముందే బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, అవసరమైతే కార్డు మాత్రమే తగిలించి ఒకసారి వెలిగించి చూడండి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి, తెర నల్లగా ఉందని కంగారుపడి స్విచ్ ఆపవద్దు. విడి కార్డు ఉంటే మానిటర్ తీగను బోర్డుకు కాక కార్డుకు తగిలించాలి. ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసిన తరువాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను కనీసం ఒక పూర్తి రౌండు నడిపి, తప్పులేవీ రాకపోతేనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించండి. బిల్లులనూ, సీరియల్ నంబర్లున్న అట్టపెట్టెలనూ వారంటీ ముగిసేదాకా పారేయకండి. వారంటీ అడిగే రోజున ముందుగా అడిగేది అవే.